గడప దాటిన పిండి

"మార్తక్కా, పిండి గడప దాటిందక్కో" అని ఆటో నంజప్ప వేసిన కేక వీధి ఆ మొదటి నుంచి ఈ చివరికి వచ్చేసరికి మార్తమ్మ కొళాయి కింద మూడో బిందె పెట్టి ఉంది. నీళ్ళు వచ్చేది రోజు మార్చి రోజు, అదీ గంటసేపు. ఆవిడ వెనక ఇంకా పదకొండు బిందెలు వరసలో ఉన్నాయి. అందుకని ఉన్నచోటు నుంచి కదల్లేదు, తల మాత్రం తిప్పింది.

"ఎంత దాటిందప్పా?"

"జానెడు."

"జానెడేనా. ఎనిమిది కూడా కాలేదు కదా. పదకొండుకు చూడు, సుశీలమ్మక్క అరుగెక్కి కూర్చుంటాది."

వరసలో వెనకే ఉన్న సుశీలమ్మ, "రానీ, దాని పక్కనే నేనూ కూర్చుంటా. మోకాళ్ళకి మెత్తగా ఉంటాది" అంది. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. పిండికీ రక్తానికీ దేనికీ జంకదు.

లింగరాజపురంలో ఆ వీధివాళ్ళకి ఇది పాలు పొంగినంత మామూలు సంగతి. మార్తమ్మ మెస్సులో రుబ్బిన ఇడ్లీపిండి మామూలు రోజుల్లో అందరి పిండిలాగే డేక్సాలో సగం నుంచి ముప్పావుకి పొంగుతుంది. వీధిలో జనం దేనికోసమైనా గట్టిగా ఎదురుచూస్తుంటే మాత్రం, ఆ ఎదురుచూపు ఎంతుంటే అంత పొంగుతుంది. మార్తమ్మ అత్తగారు అనంతపురం నుంచి రోలూ పొత్రమూ లారీకెక్కించుకుని వచ్చిన కాలం నుంచీ అంతే. వీధి పెద్ద పిల్లప్ప కూతుర్ని చూడటానికి పెళ్ళివారొచ్చిన రోజు మూత లేచింది. పదో తరగతి ఫలితాల రోజు పొయ్యిగట్టు దిగింది. ఎనభై మూడులో క్రికెట్ కప్పు ఫైనల్ నాడు వంటింటి మధ్యదాకా వచ్చి, ఆట ముగియగానే ఉస్సురని డేక్సాలోకి పోయింది. వెనక్కి పోయేటప్పుడు ఒక్క ఇసుక రేణువు కూడా అంటించుకోదు. ఆ శుభ్రం దానికి ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎదురుచూపు తీరేదాకా ఆ పిండి ఉడకదు. ఎంత మంట పెట్టినా ఇడ్లీ గుంటల్లో తెల్లగా చూస్తూ కూర్చుంటుంది. అందుకని పిండి అంత పొంగిన రోజు ఆ వీధిలో ఎవరింటా పొయ్యి ముట్టించరు. తీరాక అందరూ కలిసి మార్తమ్మ దగ్గరే తినాలి. అత్తగారు పెట్టిన కట్టుబాటు అది. ఎదురుచూసేది కలిసి, తినేది మాత్రం ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకునా, అనేదట ఆవిడ.

గడప దాటటం మాత్రం ఇదే మొదలు.

దేనికోసం అంటారా, కంప్యూటరు కోసం. తొంభై ఐదు సెప్టెంబరులో మొదటి శనివారం అది. నెలరోజులుగా ఏ పేపరు తీసినా అదే గోల. విండోస్ తొంభై ఐదు అని కొత్త సిస్టమ్ వస్తోంది, ఇక కంప్యూటర్ల తలరాతే మారిపోతుంది అని. విదేశాల్లో జనం షాపుల ముందు వరసకట్టి నిలబడ్డ ఫోటోలు వేశారు. ఆ ఫోటో చూసి నంజప్ప, "మన రేషన్ షాపు ముందర తీసిన్నారేమో" అన్నాడు గానీ, ఆ పేపరు మడిచి ఆటో సీటు కింద దాచుకున్నదీ అతనే.

ఆ వీధిలో కంప్యూటరుని వేలితో తాకినవాళ్ళు నలుగురైదుగురుంటే ఎక్కువ. అయినా ఎదురుచూడని మనిషి లేడు. తెలిసినదాని కోసం చూస్తే ఎదురుచూపుకి ఒక కొలత ఉంటుంది, తెలియనిదాని కోసం అయితే ఆకాశమంత చూడొచ్చు. సుశీలమ్మ ఆశ ఏమంటే, అది డాక్టర్ల చేతిరాత చదివిపెడుతుందని. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఆ విద్య తన ఒక్కదానికే వచ్చు, తను పోయాక రోగుల గతేం కాను అని ఆవిడ బెంగ. నంజప్పకి ఏ వీధిలో గిరాకీ నిలబడి ఉందో ముందే చెప్పాలి. తెలుగు చర్చి అయ్యగారు ఎబినేజర్‌కి బైబిల్లో ఏ మాట ఎక్కడుందో అడగ్గానే తీసిపెట్టాలి. పిల్లప్ప ఏమీ చెప్పేవాడు కాదు. "ముందు రానీండప్పా, దాని మొహం చూసి అడుగుతా" అనేవాడు.

మార్తమ్మ ఎదురుచూపు మాత్రం కంప్యూటరు కోసం కాదు. కూతురి కోసం.

వీధి మొదట్లో, మెస్సుకి ఎదురుగా, దొడ్డబళ్ళాపురం మల్లయ్య కంప్యూటర్ సెంటర్ ఉంది. ఆయనకి దొడ్డబళ్ళాపురంలో ఇరవై పట్టుమగ్గాలు. రెండేళ్ళ కిందట ఇక్కడ నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. మార్తమ్మ కూతురు ప్రిస్కిల్లా అందులో చేరినప్పుడు పని ఏమంటే, వచ్చినవాళ్ళ చేత చెప్పులు బయట విప్పించటం, కీబోర్డుల దుమ్ము తుడవటం, క్లాసు అయిపోతే గంట కొట్టటం. ఆ పిల్ల తుడుస్తూ తుడుస్తూ నేర్చుకుంది. లావుపాటి పుస్తకాలు ఇంటికి తెచ్చి చట్నీ రుబ్బుతూ చదివింది. నాలుగు నెలల కింద అసలు టీచరు ఇంకెక్కడో పెద్ద జీతానికి పోతే, అప్పటినుంచి క్లాసులు చెబుతున్నది తనే. కానీ పేరుకి ఇంకా గంట కొట్టే అమ్మాయే.

టీచరు కుర్చీ తనకే ఇమ్మని ఆ పిల్ల అడిగితే, "నీకు పని తెలుసమ్మా, నేను కాదన్ను" అన్నాడు మల్లయ్య. "ఫీజు కట్టేవాళ్ళకి ఇంగ్లీషు వినబడాల. నువ్వు ఇంగ్లీషు మొదలుపెడితే వానలో స్కూటర్ స్టార్ట్ చేసినట్టుంటాది. అందుకే ఆశీష్ అని ఒక అబ్బాయిని చూసిపెట్టినా."

ప్రిస్కిల్లా తల వంచుకుని నిలబడింది గానీ అక్కడినుంచి కదల్లేదు. ఆ మొండితనం చూసి ఆయన కొంచెం దిగాడు. "సరే. శనివారం కొత్త సిస్టమ్ వేసేటప్పుడు ఊరందర్నీ పిలుస్తా ఉండా. అందరి ముందరా నువ్వే వెయ్యి. సాఫీగా నడిచిందా, సోమవారం నుంచి టీచర్ కుర్చీ నీది. లేదంటే ఆ కుర్చీ ఆశీష్‌ది. నువ్వు దొడ్డబళ్ళాపురం వచ్చేయ్. మగ్గాల షెడ్డులో షిఫ్టు గంట కొట్టే మనిషి కావాల."

ఈ మాట కూతురు చెప్పిన దగ్గరనుంచి మార్తమ్మకి అన్నం సహించలేదు. మళ్ళీ గంటే. ఊరు మారినా గంటే.

అందుకే శుక్రవారం ఆవిడ ఒక పని చేసింది.

ఆ కొత్త సిస్టమ్ పదమూడు ఫ్లాపీల్లో వచ్చింది. అరచెయ్యంత నల్లటి చదరపు పలకలు, ఒక అట్టపెట్టెలో ఒకదాని కింద ఒకటి. భద్రంగా ఉంటాయని ప్రిస్కిల్లా వాటిని ఇంటికి తెచ్చి బీరువాలో, చీరల మధ్య పెట్టింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి పోతూ మార్తమ్మ ఆ పెట్టెని చేతిసంచిలో వేసుకుంది. ఆ చర్చిలో ఆనవాయితీ అది. పరీక్ష హాల్ టికెట్టు గానీ, కొత్త స్కూటర్ తాళంచెవి గానీ, స్కానింగు రిపోర్టు గానీ, ఏదైనా ముందర పెట్టి ప్రార్థన చేయిస్తారు. పెట్టే బల్లకి కాలు విరిగి ఏడాదైంది. అప్పటినుంచి పెద్ద సౌండ్ బాక్సుని వెల్లకిలా పడుకోబెట్టి, దానిమీద తెల్ల దుప్పటి పరిచి, దాన్నే బల్లగా వాడుతున్నారు.

అయ్యగారు పెట్టె తెరిచి లెక్కపెట్టి కాస్త సందేహపడ్డారు. "పదమూడమ్మా ఇవి."

"శిష్యులు పన్నెండు మంది, ప్రభువుతో కలిపి పదమూడు కదా అయ్యగారూ" అంది మార్తమ్మ.

ఆయనకది నచ్చింది. ఆ రోజు మైకులో ముప్పావుగంట ప్రార్థన చేశారు. ఫ్లాపీలు ఆ ముప్పావుగంటా, ఆ తర్వాత పాటలైనంతసేపూ, దుప్పటి మీద, సౌండ్ బాక్సు నడినెత్తిన ఉన్నాయి. ఇంటికొచ్చి పెట్టెని మళ్ళీ చీరల మధ్య పెట్టేసింది. కూతురికి చెప్పలేదు. ప్రార్థన సంగతి చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని.

శనివారం పదకొండయ్యేసరికి సెంటర్ ముందు షామియానా కింద నిలబడ్డానికి చోటు లేదు. మల్లయ్య ఒక కంప్యూటర్ని వాకిట్లోకి తెప్పించి, టేబుల్ మీద జరీ తువ్వాలు పరిచి దానిమీద పెట్టించాడు. ఆయన తెల్ల అంబాసిడరు పక్కన ఆగి ఉంది. ఆశీష్ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టై, పల్చటి మీసం. పిండేమో మార్తమ్మ గడప దాటి, మెట్లు దిగి, వీధికి అడ్డంగా నెమ్మదిగా వస్తోంది. జనం దాన్ని తొక్కకుండా పక్కకి జరిగి దారిస్తున్నారు. ఆశీష్ మొదట ఉలిక్కిపడ్డాడు. పిల్లప్ప, "ఇడ్లీపిండి, బాబూ" అన్నాడు. "ఓహో" అని ఆశీష్ కూడా పక్కకి జరిగాడు.

ప్రిస్కిల్లా ఒకటో నెంబరు ఫ్లాపీ తోసింది. యంత్రం గరగరమంది. తెరమీద నీలం గీత ఒకటి ఎడమనుంచి కుడికి జరగటం మొదలుపెట్టింది. గీత జరిగినకొద్దీ జనం మెడలు కూడా అటే జరిగాయి. రెండు. మూడు. నాలుగు. ప్రతి ఫ్లాపీకీ ఎవరో ఒకరు నెంబరు గట్టిగా చెబుతున్నారు, లారీ రివర్సు తీసేటప్పుడు క్లీనరు చెప్పినట్టు. ఎనిమిది అయ్యేసరికి పిండి వీధి సగం దాటింది. పదకొండు అయ్యేసరికి అంబాసిడరు దగ్గరికి వచ్చింది.

పన్నెండో దగ్గర గీత ఆగిపోయింది.

ప్రిస్కిల్లా ఫ్లాపీ తీసి, ఊది, మళ్ళీ పెట్టింది. గరగర వచ్చింది గానీ గీత కదల్లేదు. ఈ ఫ్లాపీ చదవటం నా వల్ల కాదు అని తెరమీద ఇంగ్లీషులో పడింది. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అదే.

"శిష్యుల్లో పన్నెండోవాడేనమ్మా ఎప్పుడూ మోసం చేసేది" అని అయ్యగారు నిట్టూర్చారు.

ఆశీష్ వచ్చి ఫ్లాపీని వెలుతురుకి ఎత్తి చూసి మెల్లగా అడిగాడు. "వీటిని ఎక్కడ పెట్టారండీ? అయస్కాంతం దగ్గర ఏమన్నా? స్పీకర్ పక్కన పెట్టినా పోతాయి."

మార్తమ్మకి చర్చి సౌండ్ బాక్సు గుర్తొచ్చింది. తెల్ల దుప్పటి కళ్ళముందు ఆడింది. పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉన్నవి పన్నెండూ పదమూడూ. ప్రిస్కిల్లా తల్లి మొహం చూసింది. ఒక్క క్షణమే. తెలిసిపోయింది ఆ పిల్లకి.

"నేనే ఎక్కడో పెట్టినా సార్" అంది మల్లయ్యతో. "తప్పు నాదే."

మల్లయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "నంజప్పా, ఈ పెట్టె ఎస్.పి. రోడ్డులో కొన్నచోటే ఇచ్చి మార్చుకురాప్పా, చీటీ రాసిస్తా. సోమవారం ఆశీష్ చూసుకుంటాడు. ఏమండీ, అందరూ ఏమీ అనుకోవద్దండి, ఇంక ఇళ్ళకి పోండి." ఆశీష్ భుజం మీద చెయ్యేసి కారువైపు నడిచాడు.

నంజప్ప ఆటో అప్పటికే వీధి మలుపు తిరిగింది. మార్తమ్మ వెనక్కి తిరిగి పిండిని చూసింది. ఆశ తీరినా తగ్గాలి, ఆశ పోయినా తగ్గాలి. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే కదా. తగ్గలేదు. పైగా ఇంకో మూర పెరిగి, కారు కిందకి దూరి, నాలుగు చక్రాల చుట్టూ పిడికిలి బిగించినట్టు కూర్చుంది.

డ్రైవరు ఇంజను పెట్టాడు. కారు ముందుకీ వెనక్కీ మూలిగింది గానీ బెత్తెడు కదల్లేదు.

"పట్టుకుంది సార్" అన్నాడు డ్రైవరు.

"ఏం పట్టుకుంది?"

"పిండి సార్."

మల్లయ్య దిగి చూశాడు. ఈ వీధికి రెండేళ్ళుగా వస్తున్న మనిషి, ఆయనకీ తెలుసు. "ఇంకా దేనికోసం చూస్తా ఉండారండీ మీరంతా? అయిపోయింది కదా" అన్నాడు జనంతో. ఎవరూ కదల్లేదు. చేసేదేం లేక ఆయన సుశీలమ్మ అరుగు మీద కూర్చున్నాడు. ఆశీష్ పక్కన కూర్చున్నాడు.

అప్పుడు మార్తమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా. "ఆ ఫ్లాపీలు పాడుచేసింది నేనప్పా. చర్చిలో సౌండ్ బాక్సు మీద పెట్టి ప్రార్థన చేయించినా. నా బిడ్డకి తెలీదు. నా మీద పడకూడదని తన మీద వేసుకుంది. కుర్చీ ఇచ్చేది ఇవ్వనిది మీ ఇష్టం, తప్పు మాత్రం నాది."

మల్లయ్య ఆవిడ వంక చూసి, ఎదురుగా ఉన్న ప్రిస్కిల్లా వంక చూసి, "ప్రార్థన సౌండ్ బాక్సు మీదనా" అన్నాడు. ప్రిస్కిల్లా మాత్రం తల్లి వైపు తిరగలేదు. ఆగిపోయిన గీత వైపే చూస్తోంది.

సుశీలమ్మ కల్పించుకుంది. "అది సరేగానీ ప్రిస్సీ, నంజప్ప వచ్చేదానికి రెండు గంటలవుతాది. సుమ్నే, ఊరికే కూర్చోవడమెందుకు? నాకొకటి చెప్పు. ఇంతసేపూ పన్నెండు తినిపిస్తివే దానికి, అసలు అదేమిటి? కంప్యూటరు ముందే ఉండాది కదా. మరి ఈ సిస్టమ్ అనేది యాడ ఉంటాది?"

ప్రిస్కిల్లా నోరు తెరిచి, ఇంగ్లీషు పుస్తకంలోని మొదటి వాక్యం మొదలుపెట్టి, ఆగింది. మల్లయ్యని చూసింది. కుర్చీ ఎలాగూ పోయింది. పోయాక ఇంక భయమెందుకు. గబగబా ఎదురుగా ఇంట్లోకి పోయి ఇడ్లీ ప్లేటు ఒకటి, సుద్దముక్క ఒకటి పట్టుకొచ్చింది. అరుగు ఎక్కి నిలబడింది.

"పెద్దమ్మా, నువ్వు మా మెస్సుకొచ్చి ఏమంటావు?"

"రెండిడ్లీ, ఒక వడ, కారం వద్దు అంటా."

"పొయ్యి యాడుండాది, పిండి ఎంతుండాది, నీకన్నా ముందొచ్చినోళ్ళు ఎంతమంది, ఇవన్నీ నువ్వు చూస్తావా?"

"నేనెందుకు చూస్తా. మీయమ్మ చూస్తాది."

"అదే సిస్టమ్. పొయ్యి, డేక్సా, ప్లేట్లు, ఇవి కంప్యూటరు. తినేదానికి వచ్చిన మీరు, మీ పనులు. మధ్యలో నిలబడి ఎవరికి ఏ పొయ్యి, ఎవరికి ఏ ప్లేటు, ఎవరు ముందు అని చూసుకునేది మా అమ్మ. అమ్మ లేకపోతే పొయ్యి పొయ్యిలాగే ఉంటాది, మీరు ఆకలితోనే ఉంటారు."

జనంలో ఎవరో "ఆహా" అన్నారు. మార్తమ్మకి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"మరి పాత సిస్టమ్ కూడా అమ్మే కదా, ఈ కొత్తదెందుకు?" పిల్లప్ప అడిగాడు.

"పాత అమ్మ చెవిటిది తాతా. నువ్వు ఒక్క అక్షరం తప్పు చెప్పినా పెట్టదు. చీటీ రాసిచ్చినట్టు వరసగా చెప్పాల. కొత్త అమ్మ గోడకి బొమ్మలు తగిలించింది. ఇడ్లీ కావాలంటే ఇడ్లీ బొమ్మ మీద వేలు పెడితే చాలు." ప్లేటు గుంటల్లో సుద్దతో ఒక్కో బొమ్మ గీసి చూపించింది. "ఇంకోటి. పాత అమ్మ నీ ఇడ్లీ దించేదాకా ఇంకొకరి దోసె వెయ్యదు. కొత్త అమ్మ ఒక పొయ్యి మీద ఇడ్లీ, ఇంకో పొయ్యి మీద దోసె, చేత్తో చట్నీ."

"మాడితే?" అంది సుశీలమ్మ.

"మాడిన గిన్నె ఒక్కటీ దించి పక్కన పెడతాదంట, కొట్టు మొత్తం మూసెయ్యదంట. పుస్తకంలో అట్లా రాసినారు. చూద్దాం."

అందరూ నవ్వారు. ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకటి తెలుగులో, ఒకటి కన్నడంలో. ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెబుతోంది ఆ పిల్ల. వానలో స్కూటరు ఎక్కడా లేదు, తారు రోడ్డు మీద పోతున్నట్టుంది. పిండి సెంటర్ వాకిలి దాటి మలుపు దాకా పాకింది. మార్తమ్మకి అప్పుడు అర్థమైంది. ఈ జనం ఇప్పుడు ఎదురుచూస్తున్నది ఆ పెట్టె కోసం కాదు, ఈ పిల్ల నోటినుంచి వచ్చే తర్వాతి మాట కోసం.

మల్లయ్య కూడా ఎప్పుడో ముందుకు వంగి కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక ఆయనే అడిగాడు. "అయితే ఏమమ్మా, నా చీరలకి అంచు డిజైను అదే గీస్తాదా?"

"గీయదు సార్" అంది ప్రిస్కిల్లా. "గీసే మనిషికి మంచి బల్ల వేస్తాది. చెయ్యి మాత్రం మనదే ఉండాల."

ఆయన మొహం కొంచెం చిన్నబోయి, తర్వాత విప్పారింది. ఇరవై మగ్గాలు నడిపిన మనిషి, చెయ్యి విలువ ఆయనకొకరు చెప్పాలా. పక్కన ఆశీష్ మెల్లగా అన్నాడు. "సార్, నేను ఇంగ్లీషులో దీనికన్నా బాగా చెప్పగలను. కానీ వినేవాళ్ళకి ఇట్లా ఆకలేసేలా చెప్పలేను."

మల్లయ్య ప్రిస్కిల్లా వైపు తిరిగాడు. "సోమవారం క్లాసు ఎన్నింటికి పెట్టుకుంటావమ్మా?" అన్నాడు.

"తొమ్మిదికి సార్."

"గంట కొట్టేదానికి ఎవర్నన్నా చూస్తాలే. ఆశీష్, ఆ పిల్లకి రోజూ అరగంట ఇంగ్లీషు నేర్పప్పా. నువ్వు ఈమె దగ్గర ఇది నేర్చుకో. ఇద్దరికీ పనుంది నా దగ్గర." చెప్పేసి డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంజను ఆపేయప్పా, పెట్రోలు దండగ. ఇప్పుడు పొమ్మన్నా నేను పోను."

రెండున్నరకి నంజప్ప ఆటో హారను కొట్టుకుంటూ వచ్చింది. పిండికి అవతలే ఆపి, పెట్టెని నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు, ఎక్కడా స్పీకరుకి తగలకుండా. "దారిలో రెండు పెళ్ళి ఊరేగింపులు తగిలినాయి. మైకు కనబడితే చాలు సందులు తిరిగొచ్చినా" అన్నాడు.

కొత్త పన్నెండోది పెడితే గీత కదిలింది. పదమూడూ అయ్యింది. యంత్రం ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగింది. తెర నిండా నీలాకాశం, తెల్ల మబ్బులు వచ్చాయి. తర్వాత ఖంగుమని తీయటి శబ్దం ఒకటి. చర్చిలో ఆర్గను మీద చెయ్యి పడినట్టే ఉంది అన్నారు అయ్యగారు. అడుగున ఎడమ మూల చిన్న మీట లాంటి బొమ్మ కనబడింది. ప్రిస్కిల్లా మౌసు కదిపి దాన్ని నొక్కింది. పట్టీ ఒకటి పైకి లేచింది. వీధి వీధంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

సుశీలమ్మ రొంటిన దాచుకున్న మందుల చీటీ తీసి తెరకి ఎదురుగా పట్టుకుంది. కాసేపు చూసింది. యంత్రం ఏమీ అనలేదు. "పర్లేదులే, ఇప్పుడే కదా పుట్టింది. నేర్చుకుంటాది" అని మళ్ళీ దోపుకుంది. నంజప్ప తన గిరాకీ సంగతి అడగనే లేదు. ఆ మబ్బులు ఇంకోసారి రప్పించమని అడిగాడు.

పిండి వెనక్కి మళ్ళింది. కారు చక్రాలు వదిలింది, వీధి దాటింది, మెట్లెక్కింది, గడప దాటి లోపలికి పోయింది. అందరూ ఆకలితో దాని వెనకే నడిచారు. పిల్లప్ప విస్తరాకులు పరిపించాడు, వీధి పొడుగునా రెండు వరసలు. మార్తమ్మ వంటింట్లో నాలుగు పాత్రలు పొయ్యిమీద ఎక్కించింది.

పావుగంటైంది. మూత తీసి చూస్తే ఇడ్లీలు పచ్చిగా, తెల్లగా చూస్తున్నాయి. డేక్సా వంక చూసింది. పిండి అంచుకి జానెడు పైన ఆగిపోయి ఉంది. దిగటం లేదు.

"ఇంకా ఎవరిదో తీరలేదప్పా" అని బయటికి వచ్చి చెప్పింది.

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "నాది కాదు" అన్నాడు నంజప్ప. "నాదెప్పుడో తీరింది, కావాలంటే ప్రమాణం చేస్తా" అన్నాడు మల్లయ్య. సుశీలమ్మ, "నాది ఈ జన్మకి తీరేది కాదని వదిలేసినాలే, నా వల్ల కాదు" అంది. విస్తళ్ళ ముందు కూర్చున్న వాళ్ళంతా ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు.

మార్తమ్మ లోపలికి పోయి డేక్సా ముందు నిలబడింది. ఎవరిదో ఆవిడకి తెలుసు. మధ్యాహ్నం పన్నెండు నుంచీ కూతురు తనతో ఒక్క మాట మాట్లాడలేదు. జనంలో అందరికీ జవాబు చెప్పింది, తల్లివైపు మాత్రం తిరగలేదు. కుర్చీ వచ్చింది, సంతోషమే. కానీ తను అడక్కుండా పెట్టె తీసుకుపోయిన మాట, ఆ ఒక్క మాట దగ్గర ఆవిడ గీత ఆగిపోయి ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది. ప్రిస్కిల్లా వచ్చి, పొద్దున్నుంచీ కట్టుకున్న సిల్కు చీర చెంగు బొడ్లో దోపుకుని, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూలబడింది. చిన్నప్పుడు బడినుంచి వచ్చి కూలబడినట్టే. చేతుల నిండా సుద్ద.

"మా" అంది.

మార్తమ్మ తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని.

"ఆకలేస్తా ఉండాది మా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

డేక్సాలో పిండి ఉస్సురని దిగిపోయింది. పాత్రల మూతలు నాలుగూ ఒకేసారి టపటపలాడి, ఉడికిన ఇడ్లీల ఆవిరి వంటిల్లంతా కమ్మేసింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటే ఆ ఆవిరికే అనుకోవచ్చు.

"ఇంకోసారి ప్రార్థన చేయిస్తే ముందు నన్నడుగు" అంది ప్రిస్కిల్లా పాత్ర దించుతూ. "చేయించొద్దనటం లేదు. బల్లకి కాలు వేయించమని చెప్పు మీ అయ్యగారికి."

ఇద్దరూ మోసుకొచ్చి వడ్డించారు. వేడి ఇడ్లీ, కారప్పొడి, కొబ్బరి చట్నీ. వడ్డన అయ్యాక మార్తమ్మ అలవాటు ప్రకారం గుమ్మానికి ఆనుకుని నిలబడబోతే, మల్లయ్య పక్కకి జరిగి చోటు చూపించాడు. ఇన్నేళ్ళలో వీధితో కలిసి ఒక్కసారైనా కూర్చుని తినలేదు ఆవిడ. ప్రిస్కిల్లా తల్లి భుజం పట్టుకుని కూర్చోబెట్టి, ముందు విస్తరేసి, పక్కన తనూ కూర్చుంది. అయ్యగారు ఈసారి మైకు లేకుండా, రెండే మాటల్లో ప్రార్థన ముగించారు. అందరి చేతులూ ఒకేసారి విస్తళ్ళలోకి వెళ్ళాయి.